ఆరో తరం ఐ5 ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఎక్కించవచ్చా? డీటీపీ షాపు మిషన్ గురించి నా సమాధానం

మీరు అడిగింది ఇదీ: 2016లో కొన్న ల్యాప్‌టాప్, ఇంటెల్ ఐ5-6200యూ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. విండోస్ 10 నడుస్తోంది, దానికి సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11కి వెళ్దామంటే మీ పీసీ పనికిరాదని చెప్తోంది. రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో ఎక్కించుకోవచ్చని యూట్యూబ్‌లో చూశారు. ఆ ల్యాప్‌టాప్ మీ నాన్నగారి జిరాక్స్, డీటీపీ షాపులో పొద్దున్నుంచి రాత్రి దాకా నడుస్తుంది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, పాత లేజర్ ప్రింటర్, వేలిముద్ర మిషన్ అన్నీ దానిమీదే. ఎక్కించాలా, వద్దా?

ఎక్కించండి. కానీ ఇప్పుడున్న హార్డ్ డిస్క్ మీద మాత్రం వద్దు. ఆ డిస్క్‌ని ముట్టుకోకుండా పక్కన పెట్టి, దాని నకలు మీద చేయండి. ఈ ఒక్కటి పాటిస్తే మిగతా ఏ దశలో తేడా వచ్చినా మర్నాడు షాపు మామూలుగా తెరుచుకుంటుంది.

విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. "అయితే ఏంటి, నడుస్తోంది కదా, అలాగే ఉంచేయండి" అనేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. ఇంట్లో సినిమాలు చూసుకునే కంప్యూటర్ అయితే నేను పెద్దగా పట్టుబట్టను. షాపు మిషన్ సంగతి వేరు. రోజూ ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు దానికి గుచ్చుతారు, వాట్సాప్ వెబ్ రోజంతా తెరిచే ఉంటుంది, ఊళ్లోవాళ్ల ఆధార్ కాపీలు, పాన్ కార్డులు, మార్కుల మెమోలు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పేరుకుపోయి ఉంటాయి. అవి మీవి కావు, మీమీద నమ్మకంతో ఇచ్చినవి. సెక్యూరిటీ ప్యాచ్‌లు రాని మిషన్ మీద వాటిని పెట్టుకుని కూర్చోవడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

ముందు ఈరోజే చేయగలిగిన పని ఒకటుంది. విండోస్ 10 కోసం ఈఎస్‌యూ అని మైక్రోసాఫ్ట్ పొడిగింపు ప్యాచ్‌లు ఇస్తోంది. మామూలు వాడకందారులకు దాని గడువు 2026 అక్టోబర్ 13. మిషన్ 22హెచ్2 వెర్షన్‌లో ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే "ఎన్‌రోల్ నౌ" అనే లింకు కనిపిస్తుంది. సెట్టింగ్స్ బ్యాకప్‌ని ఆ అకౌంట్‌కి సింక్ చేయడానికి ఒప్పుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. లేదంటే 1000 రివార్డ్స్ పాయింట్లు, అవీ లేకపోతే 30 డాలర్లకు సమానమైన మొత్తం. ముందు అది నొక్కేయండి. అప్పుడు అప్‌గ్రేడ్ పని హడావుడిగా కాకుండా షాపుకి సెలవు ఉన్న రోజు చూసుకుని నింపాదిగా చేసుకోవచ్చు.

ఇక మీ మిషన్‌ని విండోస్ 11 ఎందుకు వద్దంటోందో చూద్దాం. అది అడిగేవి 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, యూఈఎఫ్ఐ (మిషన్‌ని మొదలుపెట్టే కొత్త పద్ధతి), సెక్యూర్ బూట్ (మొదలయ్యేటప్పుడు నమ్మకమైన ప్రోగ్రాముల్నే నడవనిచ్చే రక్షణ), టీపీఎం 2.0 (రహస్య కీలు దాచే భద్రతా ఏర్పాటు). వీటికితోడు ప్రాసెసర్ పేరు వాళ్ల జాబితాలో ఉండాలి. ఆ జాబితా ఇంటెల్‌లో, ఒకటీ అరా మినహాయిస్తే, ఎనిమిదో తరంతో మొదలవుతుంది. ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్‌తో. మీది ఆరో తరం కాబట్టి అక్కడ ఎలాగూ ఆగిపోతుంది. మిగతావి ఆగుతున్నాయా లేదా అన్నది మీరే చూసుకోవాలి. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి వచ్చిన డబ్బాలో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని ఉంటే సగం దిగులు తీరినట్టే. అసలు టీపీఎం లేదంటే చాలాసార్లు అది బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మిషన్ సెట్టింగుల్లో) ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్ మిషన్లలో దాని పేరు పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం. ఎనిమిదో తరం, తొమ్మిదో తరం డెస్క్‌టాప్ ఉండి కూడా "పనికిరాదు" అన్న మెసేజ్ చూసి కొత్త కంప్యూటర్ కొన్నవాళ్లున్నారు. బయోస్‌లో ఆ ఒక్కటి ఆన్ చేస్తే సరిపోయేది.

అలాగే సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి రెండు వరసలు చూడండి. బయోస్ మోడ్ దగ్గర యూఈఎఫ్ఐ అని ఉందా, లెగసీ అని ఉందా? సిస్టమ్ టైప్ దగ్గర ఎక్స్64 అని ఉందా, ఎక్స్86 అని ఉందా? ఈ రెండోది డీటీపీ షాపుల్లో చాలా ముఖ్యం. పాత ప్రింటర్ డ్రైవర్ల కోసం, పాత సాఫ్ట్‌వేర్ కోసం 64 బిట్ ప్రాసెసర్ మీద కూడా 32 బిట్ విండోస్ వేయించుకున్న షాపులు మనదగ్గర కొల్లలు. విండోస్ 11లో 32 బిట్ రకం అసలు లేనే లేదు. మీది ఎక్స్86 అయితే ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేసే దారి మూసుకుపోయినట్టే, మొత్తం కొత్తగా ఎక్కించాలి. అప్పుడు అను, పేజ్‌మేకర్ సెటప్ ఫైళ్లు, వాటి కీలు చేతిలో ఉన్నాయో లేదో ముందే వెతుక్కోవాలి. ఎక్స్64 అయితే ఈ బెంగ లేదు. ఇప్పుడు నడుస్తున్న 32 బిట్ ప్రోగ్రాములు 11లో కూడా దాదాపు అలాగే నడుస్తాయి. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7.0 కూడా.

లెగసీ మోడ్ (పాత బూట్ పద్ధతి) అని ఉంటే కంగారు పడకండి. ఎప్పుడో విండోస్ 7 వేసినవాళ్లు అలా మార్చి ఉంటారు. విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ డేటా పోకుండా డిస్క్‌ని మారుస్తుంది, ఆ తర్వాత బయోస్‌లో యూఈఎఫ్ఐకి మార్చుకోవాలి. ఈ పని కూడా నకలు మీదే, అసలు డిస్క్ మీద కాదు.

జాబితాలో లేని ప్రాసెసర్ మీద వేస్తే నిజంగా జరిగే నష్టమేంటి? 2021లో మైక్రోసాఫ్ట్ చెప్పిన లెక్క ప్రకారం, ఇన్‌సైడర్ పరీక్షల్లో (విడుదలకు ముందే వాడి చూసేవాళ్ల మిషన్లలో) అర్హత లేని మిషన్లలో కెర్నల్ క్రాష్‌లు (విండోస్ మొత్తం ఒక్కసారిగా ఆగిపోవడం) 52 శాతం ఎక్కువ వచ్చాయి. ఆ అంకె అన్ని రకాల పాత మిషన్లదీ కలిపి. మంచి స్థితిలో ఉన్న ఆరో తరం, ఏడో తరం ల్యాప్‌టాప్‌లలో నేను చూసినంతలో ఇబ్బంది పెట్టేది ప్రాసెసర్ కాదు, పాడైపోతున్న హార్డ్ డిస్క్, పాత వైఫై డ్రైవర్, దుమ్ము పట్టి వేడెక్కే ఫ్యాన్.

ప్రాసెసర్ వల్ల వచ్చే తేడా ఒకటి మాత్రం నిజం. విండోస్ సెక్యూరిటీలోని కోర్ ఐసోలేషన్‌లో మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ ఉంది. అది తేలిగ్గా నడవడానికి కావలసిన ఏర్పాటు ఇంటెల్ ఏడో తరం నుంచే చిప్‌లో ఉంది. మీ ఆరో తరంలో ఆ పనిని సాఫ్ట్‌వేర్‌తో నెట్టుకురావాలి కాబట్టి మిషన్ బరువెక్కుతుంది. 11 ఎక్కాక స్లోగా అనిపిస్తే ముందు అక్కడ చూడండి. ఆన్‌లో ఉండి ఇబ్బంది పెడుతుంటే మీ మిషన్ వరకు దాన్ని ఆఫ్ చేయడమే నా సలహా. అది లేకపోయినా నెలనెలా ప్యాచ్‌లు పడే మిషన్, ఏ ప్యాచ్‌లూ లేని విండోస్ 10 కంటే ఎంతో నయం.

అన్నింటికంటే ముందు కొనాల్సింది ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్. తిరిగే హార్డ్ డిస్క్ మీద విండోస్ 11 వేయకండి, అంతే. వేస్తే బూట్ అయ్యాక పది నిమిషాలు టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గరే ఉంటుంది, కస్టమర్ ఎదురుగా నిలబడి ఉంటాడు. 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ మీ ల్యాప్‌టాప్‌లో పాత డిస్క్ స్థానంలో సరిగ్గా కూర్చుంటుంది. 512 జీబీ చాలు. మంచి కంపెనీది, బిల్లుతో కొనండి. దాంతోపాటు యూఎస్‌బీ నుంచి సాటాకి మార్చే చిన్న కేబుల్ కూడా. ర్యామ్ 8 జీబీ మీ పనికి సరిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ రెండు స్లాట్లలో ఒకటే వాడుతున్నట్టు చూపిస్తే తర్వాతెప్పుడైనా ఇంకో 8 పెట్టుకోవచ్చు. ఆరో తరంలో కొన్ని డీడీఆర్3ఎల్, కొన్ని డీడీఆర్4. మూత తీసి చూడకుండా కొనొద్దు.

ఇప్పుడు పని వరస. దీన్ని కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే వీడియోల్లో ఎగరగొట్టేది ఇదే.

ఎస్ఎస్‌డీని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి ఆ కంపెనీ ఇచ్చే క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌తో డిస్క్ మొత్తం నకలు తీయండి. 1 టీబీలో నిజంగా నిండింది 512 లోపే ఉండాలి. ఎక్కువుంటే పాత పెళ్లికార్డులు, ఫ్లెక్సీ ఫైళ్లు ముందు బయటి డిస్క్‌లోకి తీయండి. బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ (డిస్క్‌కి తాళం వేసే ఏర్పాట్లు) ఆన్‌లో ఉంటే క్లోన్‌కి ముందే ఆఫ్ చేయండి. రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. నకలు అయ్యాక మిషన్ ఆపి, పాత డిస్క్ తీసేసి, ఎస్ఎస్‌డీ బిగించి, అప్పుడు ఆన్ చేయండి. రెండూ తగిలించి ఉంచి మొదటిసారి బూట్ చేయొద్దు, విండోస్ ఏది ఏదో తేల్చుకోలేక తికమకపడుతుంది. తీసిన డిస్క్ మీద తేదీ రాసి బీరువాలో పెట్టండి.

ఒక రెండు రోజులు విండోస్ 10నే ఎస్ఎస్‌డీ మీద నడపండి. ప్రింట్ తీయండి, పేజ్‌మేకర్ తెరవండి, వేలిముద్ర పెట్టించండి. అంతా బాగుందని తేలాక ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్‌లో ఆఖరి బయోస్ అప్‌డేట్ ఉంటే వేయండి. బ్యాటరీ చచ్చిపోయి చార్జర్ మీదే నడిచే ల్యాప్‌టాప్ అయితే ఆ పని యూపీఎస్ మీద పెట్టి చేయండి. బయోస్ రాస్తుండగా కరెంటు పోతే మదర్‌బోర్డు పనికిరాకుండా పోతుంది.

విండోస్ 11 ఐఎస్ఓ ఫైల్‌ని (ఎక్కించడానికి కావలసినదంతా ఒకే చోట ఉన్న ఫైలు) మైక్రోసాఫ్ట్ సొంత పేజీ నుంచే తీసుకోండి. టెలిగ్రామ్‌లో తిరిగే "లైట్" రకాలు, యాక్టివేటర్ కలిపి ఇచ్చే పెన్‌డ్రైవ్‌లు షాపు గడప తొక్కనివ్వకండి. అందులో ఎవరేం కలిపారో మనకి తెలియదు, పైగా వాటి అవసరం కూడా లేదు. మీ విండోస్ 10 అసలైనదైతే ఆ డిజిటల్ లైసెన్స్ మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది, 11 తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. డిస్క్ మార్చినా ఏం కాదు. మనదగ్గర ల్యాప్‌టాప్‌లతో ఎక్కువగా వచ్చే "హోమ్ సింగిల్ లాంగ్వేజ్" రకం కూడా ఆ ఐఎస్ఓలోనే ఉంటుంది.

ఐఎస్ఓ దించేటప్పుడు భాష అడుగుతుంది. చాలామంది ఇక్కడే పడతారు. ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్, ఇంగ్లిష్ ఇంటర్నేషనల్ అని రెండుంటాయి. ఇప్పుడున్న విండోస్ ఏ రకంతో ఎక్కించారో అదే తీసుకోవాలి. వేరేది తీసుకుంటే సెటప్‌లో "ఫైళ్లు, యాప్‌లు అలాగే ఉంచు" అనే గడి బూడిద రంగులోకి వెళ్లిపోతుంది. ముందుకి నొక్కేస్తే పేజ్‌మేకర్, అను అన్నీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాలి. అడ్మిన్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి dism /online /get-intl అని కొట్టి డీఐఎస్ఎం టూల్‌ని నడిపితే డిఫాల్ట్ సిస్టమ్ యూఐ లాంగ్వేజ్ ఎదురుగా యూఎస్ అనో జీబీ అనో వస్తుంది. యూఎస్ అయితే యునైటెడ్ స్టేట్స్, జీబీ అయితే ఇంటర్నేషనల్.

రూఫస్‌ని దాని సొంత సైట్ రూఫస్ డాట్ ఐఈ నుంచే దించుకోండి. వెర్షన్ 4.6 గానీ ఆ తర్వాతది గానీ కావాలి. నడుస్తున్న విండోస్ మీదే అప్‌గ్రేడ్ చేసేటప్పుడు విండోస్ 11 24హెచ్2 వెర్షన్ పెట్టే చెకింగ్‌ని దాటించే ఏర్పాటు ఆ వెర్షన్‌లోనే వచ్చింది. 8 జీబీ లేదా అంతకంటే పెద్ద ఖాళీ పెన్‌డ్రైవ్ పెట్టి, ఐఎస్ఓ చూపించి, స్టార్ట్ నొక్కితే ర్యామ్, సెక్యూర్ బూట్, టీపీఎం నిబంధనలు తీసేయాలా అని అడుగుతుంది. టిక్ పెట్టండి. పెన్‌డ్రైవ్ తయారయ్యాక దాంతో బూట్ చేయకండి, బూట్ చేస్తే అది కొత్త ఇన్‌స్టలేషన్ అయిపోతుంది. విండోస్ 10 నడుస్తుండగానే పెన్‌డ్రైవ్ తెరిచి సెటప్ మీద డబుల్ క్లిక్ చేయండి. అంతకుముందు ప్రింటర్, వేలిముద్ర మిషన్ కేబుళ్లు పీకేయండి, బయటి యాంటీవైరస్ ఉంటే తీసేయండి. ఆఖరి తెరలో ఫైళ్లు, యాప్‌లు ఉంచుతున్నట్టు రాసి ఉందో లేదో కళ్లారా చూసి అప్పుడు ఇన్‌స్టాల్ నొక్కండి.

ఈ దారిలో వెళ్తే మీ మిషన్‌కి అప్‌డేట్లు పొందే హక్కు ఉండదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగానే చెబుతోంది. ఇప్పటిదాకా నెలవారీ ప్యాచ్‌లు ఇలాంటి మిషన్లకి కూడా వస్తూనే ఉన్నాయి. కానీ అది వాళ్లు ఇచ్చిన మాట కాదు. ఏడాదికోసారి వచ్చే కొత్త వెర్షన్ మాత్రం తనంతట తాను రాదు, ఇదే రూఫస్ తంతు మళ్లీ మీరే చేయాలి. హోమ్, ప్రో రకాల్లో 24హెచ్2కి 2026 అక్టోబర్ 13 వరకే ప్యాచ్‌లు, 25హెచ్2కి 2027 అక్టోబర్ 12 వరకు. కాబట్టి నేరుగా 25హెచ్2 వేసుకోండి. పాత మిషన్‌లో కొత్త ఓఎస్ అంటే ఒకసారి ఎక్కించి మర్చిపోయే వ్యవహారం కాదు. నెలకోసారి విండోస్ అప్‌డేట్ పేజీ తెరిచి చూసే మనిషి ఒకరుండాలి. మీరు వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తూ నాన్నగారి ఒక్కరికే ఈ మిషన్ వదిలేసేటట్టయితే, ఎవరు చూస్తారన్నది ముందే మాట్లాడుకోండి. అలాంటి మనిషి లేకపోతే ఎస్ఎస్‌డీ డబ్బుకి మరికొంత కలిపి, ఎనిమిదో తరం లేదా ఆపైది సెకండ్ హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాప్ తీసుకోవడమే మంచిది. దానికి అప్‌డేట్లు వాటంతట అవే వస్తాయి.

మైక్రోసాఫ్ట్ అర్హత గీతని ఇంకా పైకి జరిపేసే ప్రమాదం ఉందా అంటే, ఒకసారి జరిపింది. 24హెచ్2 నుంచి ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్, ఎస్ఎస్ఈ4.2 ఆదేశాలు తప్పనిసరి. దాంతో కోర్ 2 డ్యుయో మిషన్లలో అది బూటే కాదు. రూఫస్ గానీ ఇంకేది గానీ దీన్ని దాటించలేదు. ఇది చదివే ఇంకెవరిదగ్గరైనా ఆ కాలం నాటి మిషన్ ఉంటే విండోస్ 11 ఆశ వదిలేసి లినక్స్ మింట్ లాంటిది చూడండి. మీ ఐ5కి ఆ ఆదేశాలన్నీ ఉన్నాయి. మీకు లినక్స్ చెప్పకపోవడానికి కారణం పేజ్‌మేకర్, అను ఒక్కటే.

సెక్యూర్ బూట్ గురించి ఒక ముక్క. దాని వెనక ఉన్న మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్లు 2011 నాటివి, వాటి గడువు 2026 జూన్ నుంచి తీరుతుంది. కొత్తవి 2023 పేరుతో విండోస్ అప్‌డేట్ ద్వారా వస్తాయి. కొన్నింటికి కంపెనీ బయోస్ అప్‌డేట్ కూడా కావాలి. మీ మిషన్‌కి అవి పడకపోయినా బూట్ ఆగిపోదు, బూట్ దశకి సంబంధించిన కొత్త రక్షణలు మాత్రం అందవు. బయోస్ అప్‌డేట్ వేయమని పైన చెప్పింది ఇందుకు కూడా.

ఎక్కించాక తెలుగు విషయం చూసుకోండి. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతి) కావు. ఫాంటు లేకపోతే పెళ్లికార్డులో పేర్ల బదులు ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. ఆ ఫాంట్ ఫైళ్లన్నీ వేరే పెన్‌డ్రైవ్‌లో కాపీ పెట్టుకోండి, ముఖ్యమైన పాత డిజైన్లు ఒకసారి పీడీఎఫ్ చేసి దాచండి. యూనికోడ్‌లో గౌతమి ఫాంటుతో చేసిన వర్డ్ ఫైళ్లలో లైన్లు అటూ ఇటూ అయితే ఫైలు పాడైనట్టు కాదు. గౌతమి, వాణి ఇప్పుడు విండోస్‌తోపాటు నేరుగా రావు. అవి లేకపోతే నిర్మల ఫాంటు వాటి స్థానంలో వచ్చి కూర్చుంటుంది. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ చేర్చితే పాత లైన్లు మళ్లీ యథాస్థానానికి వస్తాయి.

తర్వాత ప్రింటర్‌కి తయారీదారు సైట్ నుంచి 64 బిట్ డ్రైవర్, వేలిముద్ర మిషన్‌కి దాని ఆర్‌డీ సర్వీస్ (ఆధార్ వేలిముద్రకి ఆ మిషన్ వాడే ప్రోగ్రామ్) కొత్త వెర్షన్. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఎక్కడా లేకుండా చూడండి. ఏదైనా మొండికేస్తే మొదటి 10 రోజుల్లో సెట్టింగ్స్‌లోని రికవరీ నుంచి విండోస్ 10కి వెనక్కి పోవచ్చు. అదీ పనిచేయకపోతే మిషన్ ఆపి బీరువాలోని డిస్క్ తీసి బిగించండి, పావుగంటలో షాపు ముందున్న స్థితికి వస్తుంది.

ఆ పాత డిస్క్‌ని ఓ మూడు నాలుగు నెలలు అలాగే ఉంచి, ఇక అవసరం లేదని ధైర్యం వచ్చాక పూర్తిగా తుడిచేయండి. క్విక్ ఫార్మాట్ చాలదు, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఆ ఆధార్ కాపీలన్నీ తిరిగి తీయొచ్చు. యూఎస్‌బీ కేబుల్‌కి తగిలించి ఫార్మాట్ చేసేటప్పుడు క్విక్ అన్న టిక్ తీసేస్తే డిస్క్ మొత్తం సున్నాలతో నింపుతుంది. 1 టీబీకి కొన్ని గంటలు పడుతుంది, రాత్రి పెట్టి వదిలేయండి. ఆ తర్వాత డిస్క్ ఆరోగ్యంగా ఉంటే డిజైన్ల బ్యాకప్‌కి వాడుకోండి.